రెండు టోర్నీల మధ్య ఏం జరుగుతుంది?

(వ్యాయామ ఉపాధ్యాయులు, బాలికల ఫుట్‌బాల్ శిక్షకుల సమావేశంలో ఒక సీనియర్ కోచ్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తల్లిదండ్రులు దయచేసి ముందుకు రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మాయిలూ, మీరు కొంచెం జరిగి అమ్మలకు చోటివ్వండి. ఈ రోజు నేను చెప్పేది మీకెంత అవసరమో వాళ్ళకూ అంతే అవసరం.

శాఫ్ మహిళల చాంపియన్‌షిప్ గురించి మాట్లాడమన్నారు. శాఫ్ అంటే దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య. మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, భూటాన్, మాల్దీవులు, ఈ దేశాల అమ్మాయిలు ఆడే టోర్నీ. దీని ఫైనల్ ఎప్పుడైనా చూసినవాళ్ళు చేతులెత్తండి. ముగ్గురు. నలుగురు. సరే. క్రికెట్ ప్రపంచకప్ అని అడిగి ఉంటే ఒక్క చెయ్యి కూడా కింద ఉండేది కాదు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఈ టోర్నీ టీవీలో కనపడదు, పేపర్లో ఆటల పేజీలో ఒక మూల నాలుగు వాక్యాలు వస్తాయి. ఆ నాలుగు వాక్యాలలో ఎవరు గెలిచారో ఉంటుంది. ఎందుకు గెలిచారో ఉండదు. నేను మాట్లాడాలనుకున్నది ఆ రెండోదాని గురించి.

మొదట లెక్క చూద్దాం. 2010 డిసెంబరులో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో మొదటి టోర్నీ జరిగింది. మనం గెలిచాం. 2012 కొలంబో, మనం గెలిచాం. 2014 ఇస్లామాబాద్, మనం గెలిచాం. 2016 టోర్నీ మన సిలిగురిలో జరిగింది, ఫైనల్ 2017 జనవరి 4న ఆడారు, అదీ మనదే. 2019 బిరాట్‌నగర్, మళ్ళీ మనమే. వరుసగా ఐదు. ఐదు టోర్నీలలోనూ ఒక్క మ్యాచ్ ఓడలేదు. సిలిగురిలో లీగ్ దశలో బంగ్లాదేశ్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకోవడమే అప్పటిదాకా మనకు తగిలిన పెద్ద దెబ్బ.

ఆ తర్వాత? 2022 కాఠ్‌మాండూ, బంగ్లాదేశ్ గెలిచింది. 2024, మళ్ళీ కాఠ్‌మాండూ, మళ్ళీ బంగ్లాదేశ్. ఈ రెండుసార్లూ మనం ఫైనల్‌కు కూడా చేరలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. 2010లో కాక్స్ బజార్‌లో, వాళ్ళ సొంత గడ్డ మీద, ఇదే బంగ్లాదేశ్ మన చేతిలో 6-0తో ఓడింది. ఆరు గోల్స్! పన్నెండేళ్ళ తర్వాత 2022 సెప్టెంబరు 13న అదే జట్టు మనల్ని 3-0తో ఓడించింది. ఈ పన్నెండేళ్ళలో ఏం జరిగింది? అక్కడ ఏం జరిగింది, ఇక్కడ ఏం జరగలేదు?

చాలామంది ఏమన్నారో తెలుసా? మనవాళ్ళు ఆ రోజు సరిగ్గా ఆడలేదు అన్నారు. అదృష్టం కలిసిరాలేదు అన్నారు. సరిగ్గా అంతకుముందు నెల ఆగస్టులోనే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసి, నెల తిరగకుండానే ఎత్తివేసింది, ఆ గందరగోళంలో జట్టు కుదురుకోలేదు అన్నారు. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ తొంభై నిమిషాల ఆటకు కారణాన్ని ఆ తొంభై నిమిషాల్లోనే వెతికితే దొరకదు. కోత రోజున పొలం గట్టు మీదికి వచ్చినవాడికి దుక్కి దున్నిన రోజులు ఎలా తెలుస్తాయి?

రండి, దుక్కి దున్నిన రోజులకు వెళదాం.

బంగ్లాదేశ్‌లో మైమెన్‌సింగ్ జిల్లా ఉంది. దాని ఉత్తర కొసన, మన మేఘాలయ కొండలకు దగ్గరగా, కల్‌సిందూర్ అని ఒక పల్లె. 2011లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల ఆడపిల్లల కోసం దేశవ్యాప్తంగా ఫుట్‌బాల్ టోర్నీ మొదలుపెట్టింది. ప్రాథమిక పాఠశాల అన్న మాట మరొక్కసారి వినండి. హైస్కూలు కాదు, కాలేజీ కాదు. అయిదో తరగతిలోపు పిల్లలు. కల్‌సిందూర్ బడిలో ఒక ఉపాధ్యాయుడు ఆ పిల్లలను పోగుచేశాడు. ఆయన పెద్ద ఆటగాడేం కాదు. మనలాంటి బడిపంతులు. మొదట్లో పిల్లలు పావడాలు, సల్వార్లు కట్టుకునే ఆడారు. బూట్లు లేవు. ఇళ్ళల్లో వద్దన్నారు, ఊళ్ళో నోళ్ళు లేచాయి. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని మైదానంలో పరుగెత్తడం ఏమిటి అన్నారు. ఈ మాట మనం వినలేదా? మనలో ఎంతమంది ఈ మాట విన్నాం? ఆ, అక్కడ చేతులు లేస్తున్నాయి. ఈసారి ఎక్కువే లేచాయి.

ఆ పిల్లలే ఆ బడి టోర్నీని వరుసగా గెలిచారు. 2022లో కాఠ్‌మాండూలో కప్పు ఎత్తిన బంగ్లాదేశ్ జట్టులో ఎనిమిది మంది ఆ ఒక్క ఊరి పిల్లలే. సంజీదా అఖ్తర్, మారియా మాండా, తహురా ఖాతూన్, ఇద్దరు శంసున్నహార్‌లు, వీళ్ళంతా ఆ బడి ఆవరణలో ఆడుకున్నవాళ్ళు. ఒక్క బడి, ఒక్క పంతులు, ప్రతి ఏడూ తప్పకుండా జరిగే ఒక్క టోర్నీ. ఆ ఊరికి కరెంటు కూడా ఆ పిల్లల ఆట పుణ్యాన వచ్చింది. తల్లులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. వద్దన్న ఊరే ఆ తర్వాత ఆ పిల్లల పేరుతో తనను తాను చెప్పుకుంది.

అక్కడితో ఆగితే కథ చాలా చిన్నదయ్యేది. బడి టోర్నీలో కనపడ్డ పిల్లలను ఢాకాకు తీసుకొచ్చారు. మోతీఝీల్‌లో వాళ్ళ ఫుట్‌బాల్ సమాఖ్య భవనం ఉంది. ఆ భవనంలోనే పిల్లలకు బస. ఏడాది పొడుగునా శిబిరం. టోర్నీకి మూడు వారాల ముందు పిలిచి, టోర్నీ అయ్యాక రైలెక్కించి పంపేసే శిబిరం కాదు. ఏళ్ళ తరబడి కలిసి తిన్నారు, కలిసి చదువుకున్నారు, కలిసి ఆడారు. గోలాం రబ్బానీ ఛోటన్ అనే కోచ్ దశాబ్దానికి పైగా వాళ్ళతోనే ఉన్నాడు. సాత్‌ఖీరా నుంచి వచ్చిన సబీనా ఖాతూన్, టాంగాయిల్ నుంచి కృష్ణా రాణి సర్కార్, రంగమాటి కొండల నుంచి రూప్నా చక్మా, రితుపర్ణ చక్మా, ఖాగ్రాఛరీ నుంచి మనికా చక్మా. ముస్లిం పిల్లలు, హిందూ పిల్లలు, కొండ తెగల పిల్లలు, ఒకే గదుల్లో.

ఒక అమ్మాయి ఎక్కడ బంతి ఇస్తుందో పక్క అమ్మాయికి తల తిప్పకుండా తెలియాలంటే ఎంతకాలం పడుతుందో కోచ్‌లందరికీ తెలుసు. అది మూడు వారాల్లో వచ్చేది కాదు.

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. 2017 డిసెంబరులో ఢాకాలో అండర్-15 శాఫ్ ఫైనల్, బంగ్లాదేశ్ మన మీద 1-0తో గెలిచింది. 2018లో భూటాన్‌లో అండర్-18, బంగ్లాదేశ్. 2021 డిసెంబరులో అండర్-19, ఫైనల్లో మళ్ళీ మన మీద 1-0. 2017, 2018, 2021. మెట్టు మెట్టుగా వస్తున్నారు. మనం చూశామా? చూడలేదు. చిన్నపిల్లల పోటీలు కదా అనుకున్నాం. ఆ చిన్నపిల్లలే పెద్దవాళ్ళయి 2022లో కాఠ్‌మాండూకు వచ్చారు. వచ్చి ఏం చేశారు? అయిదు మ్యాచ్‌లలో 23 గోల్స్ కొట్టారు. ఇచ్చింది ఎన్నో తెలుసా? ఒక్కటి. ఆ ఒక్కటీ ఫైనల్లో నేపాల్ అమ్మాయి అనితా బస్నేత్ కొట్టింది.

ఆ ఫైనల్ గురించి కొంచెం చెప్పాలి. సెప్టెంబరు 19, దశరథ్ రంగశాల. వాన పడి మైదానం బురదగా ఉంది. స్టేడియం నిండా నేపాల్ జనం. మొదటి పది నిమిషాలకే బంగ్లాదేశ్ ఫార్వర్డ్ సిరాత్ జహాన్ స్వప్న దెబ్బ తగిలి బయటికి వచ్చేసింది. మనమీద రెండు గోల్స్ కొట్టిన అమ్మాయి ఆమే. అలాంటి ఆటగత్తె పదో నిమిషంలో పోతే జట్టు గుండె జారాలి కదా? బదులుగా దిగిన చిన్న శంసున్నహార్, అప్పుడే మైదానంలోకి వచ్చిన పిల్ల, 14వ నిమిషంలో గోల్ కొట్టింది. కల్‌సిందూర్ పిల్ల! బెంచీ మీద కూర్చున్న అమ్మాయి కూడా ఆ ఆట ఆడగలదు, ఎందుకంటే ఆమె కూడా ఏళ్ళ తరబడి అదే శిబిరంలో ఉంది. తర్వాత కృష్ణా రాణి రెండు కొట్టింది. 3-1. ఎనిమిది గోల్స్ చేసిన కెప్టెన్ సబీనా టోర్నీలోనే మేటి.

ఢాకాలో వాళ్ళను పైకప్పు లేని బస్సులో ఊరేగించారు. జనం రోడ్ల మీద బారులు తీరారు. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఆ తర్వాతి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అది నన్ను చాలా బాధపెట్టింది.

కప్పు గెలిచిన ఆ జట్టుకు దాదాపు పది నెలలపాటు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ లేదు. పది నెలలు! 2023 ఏప్రిల్‌లో మయన్మార్‌లో ఒలింపిక్ అర్హత పోటీలు ఉంటే డబ్బు లేదని జట్టును పంపలేదు. మేలో కోచ్ ఛోటన్ తప్పుకున్నాడు. స్వప్న, ఇంకా చిన్న వయసే, ఆట మానేసింది. చాంపియన్లయిన అమ్మాయిలు ఇలా చెదిరిపోతారా? పోతారు. కప్పు ఆకలి తీర్చదు. మ్యాచ్ లేని ఆటగత్తెకు ఉదయం నాలుగున్నరకు లేవడానికి కారణం ఉండదు. ఊరేగింపు కోసం ఎవరూ ఏళ్ళ తరబడి పరుగెత్తరు, వచ్చే నెల మ్యాచ్ ఉందని పరుగెత్తుతారు.

అయినా 2024లో వాళ్ళు మళ్ళీ గెలిచారు. కొత్త కోచ్ పీటర్ బట్లర్. ఈసారి అంత సులువు కాలేదు. మొదటి మ్యాచ్‌లోనే పాకిస్తాన్ చేతిలో ఓడేవాళ్ళు. చివరి క్షణాల్లో చిన్న శంసున్నహార్ గోల్ కొట్టి 1-1 చేసింది. పాకిస్తాన్ జట్టు గురించి మీకు తెలియాలి. 2014 తర్వాత 2022 దాకా, ఎనిమిదేళ్ళు, ఆ దేశపు మహిళల జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. వాళ్ళ సమాఖ్య గొడవలు, ఫిఫా నిషేధాలు, వాటి మధ్య పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి ఇరవయ్యారేళ్ళది అయిపోయింది. ఆమె ఆడాల్సిన మ్యాచ్‌లు ఎవరు తిరిగిస్తారు? అలాంటి జట్టు తిరిగి వచ్చిన రెండేళ్ళకే చాంపియన్లను ఓటమి అంచుదాకా తీసుకెళ్ళింది. ఆడించండి చాలు, ఆటే వాళ్ళను పెంచుతుంది.

ఇప్పుడు నేపాల్. నేపాల్ గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

2024 దాకా ఈ టోర్నీలో ఏడు ఫైనల్స్ జరిగాయి. అందులో ఆరింటిలో నేపాల్ ఆడింది. 2010, 2012, 2014, 2019 మనతో. 2022, 2024 బంగ్లాదేశ్‌తో. ఆరూ ఓడింది. 1-0, 3-1, 6-0, 3-1, 3-1, 2-1. చివరి రెండూ సొంత రాజధానిలో, సొంత జనం ముందు. ఓడినవాళ్ళ గురించి ఎవరూ రాయరు, అందుకే నేను చెబుతున్నాను. ఆరుసార్లు ఓడి ఏడోసారి మళ్ళీ శిబిరానికి రావడానికి ఎలాంటి మనసు కావాలి?

వాళ్ళకు సబిత్రా భండారి ఉంది. సాంబా అంటారు. లమ్‌జుంగ్ జిల్లా కొండల్లోని పిల్ల. మన దేశంలో లీగ్ ఆడింది, ఇజ్రాయెల్ వెళ్ళింది, అక్కడినుంచి ఫ్రాన్స్‌లో గ్యాంగాంప్ క్లబ్బుకు ఆడింది. నేపాల్ అమ్మాయిలు చాలామంది సైన్యం, పోలీసు, సాయుధ పోలీసు దళం జట్లలో ఉద్యోగాలు చేస్తూ ఆడతారు. ఉద్యోగం ఉంది కాబట్టి ఇంట్లో ఆడనిచ్చారు. ఇది మన దగ్గర కూడా అంతే. మన ఇందుమతి కదిరేశన్ తమిళనాడు పోలీసు శాఖలో ఎస్సై. సిలిగురి ఫైనల్లో మూడో గోల్ కొట్టింది ఆమే.

2024 సెమీఫైనల్ మీకు వివరంగా చెప్పాలి. భారత్, నేపాల్. 62వ నిమిషంలో మన సంగీతా బాస్ఫోర్ గోల్ కొట్టింది. పశ్చిమ బెంగాల్ అమ్మాయి, కల్యాణి ఊరు. మనవాళ్ళు ఇంకా సంబరం చేసుకుంటున్నారు. ఆ లోపలే నేపాల్ వాళ్ళు సెంటర్ నుంచి బంతి మొదలుపెట్టి తిన్నగా వెళ్ళి గోల్లో వేసేశారు. రెఫరీ చెల్లదన్నది. ఇంకేముంది, మైదానం అట్టుడికింది. నేపాల్ అమ్మాయిలు ఆడం అన్నారు. జనం అరుపులు. గంట దాటింది, ఆట మొదలుకాలేదు. మనవాళ్ళు ఏం చేయాలి? ఒళ్ళు చల్లబడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కూర్చోకూడదు, నిలబడీ నిలబడీ మనసు అలిసిపోతుంది. గంటకు పైగా ఆగిన ఆట మళ్ళీ మొదలయింది. మొదలైన కాసేపటికే సాంబా గోల్ కొట్టింది. 1-1. పెనాల్టీ షూటౌట్లో 4-2తో నేపాల్ గెలిచింది.

ఇక్కడ రెండు విషయాలు. అమ్మాయిలూ, కోచ్‌లూ, ఇద్దరూ వినండి. ఒకటి, గోల్ కొట్టాక సంబరం మన సగంలోకి వచ్చి చేసుకోండి, ఒక కన్ను బంతి మీద ఉంచండి. రెండోది, ఆట ఆగినప్పుడు ఏం చేయాలో మనం ఎప్పుడైనా నేర్పామా? వానకు ఆగుతుంది, దెబ్బకు ఆగుతుంది, గొడవకు ఆగుతుంది. ఆగిన ఆటలోకి తిరిగి దిగడం కూడా ఒక నైపుణ్యం. సాంబాకు అది ఉంది. యూరప్ లీగుల్లో వారం వారం ఆడినందువల్ల వచ్చింది. మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది, ప్రాక్టీసులో రాదు.

ఫైనల్లో నేపాల్ మళ్ళీ ఓడింది. మనికా చక్మా 52వ నిమిషంలో కొట్టింది, వెంటనే నేపాల్ తరఫున అమీషా కార్కీ సమం చేసింది, 81వ నిమిషంలో రితుపర్ణ చక్మా ఎడమవైపు నుంచి ఎత్తుగా కొట్టిన షాట్ గోల్‌కీపర్ను దాటి వలలో పడింది. 2-1. దశరథ్ రంగశాల మూగబోయింది.

మిగిలిన జట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. భూటాన్ 2010లో మన చేతిలో 18-0తో ఓడింది. 2024లో కాఠ్‌మాండూలో ఆతిథ్య నేపాల్‌ను గోల్ కొట్టనివ్వకుండా డ్రా చేసింది. పద్ధెనిమిది గోల్స్ ఇచ్చిన దేశం! చిన్న దేశం, తక్కువ జనాభా, అని సాకు చెప్పుకోలేదు. శ్రీలంక, మాల్దీవులు ఇంకా వెనకబడే ఉన్నాయి.

అఫ్ఘానిస్తాన్ ఈ జాబితాలో లేదేమిటని ఎవరైనా అడగాలి. అడగరు, నాకు తెలుసు. మరచిపోయారు కాబట్టి. 2012లో అఫ్ఘాన్ అమ్మాయిలు ఈ టోర్నీలో పాకిస్తాన్‌ను 4-0తో ఓడించి సెమీస్ చేరారు. సిలిగురికి కూడా వచ్చి ఆడారు. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్‌ను పట్టుకున్నాక ఆ అమ్మాయిలు దేశం వదిలి పారిపోవలసి వచ్చింది. చాలామంది ఆస్ట్రేలియా చేరారు. 2025లో ఫిఫా వాళ్ళను ఒక శరణార్థి జట్టుగా గుర్తించింది. ఆ అక్టోబరులో మొరాకోలో అఫ్ఘాన్ విమెన్ యునైటెడ్ అన్న పేరుతో ఆడారు. వాళ్ళ దేశంలో వాళ్ళ చెల్లెళ్ళు మైదానంలోకే కాదు, హైస్కూలుకు కూడా వెళ్ళడానికి లేదు. మన మైదానం తలుపు తెరిచే ఉంది. తెరిచే ఉన్న మైదానంలో మన పిల్లలు ఎందుకు లేరు?

అదీ అసలు ప్రశ్న. ఇక మన సంగతికి వద్దాం.

మనం అయిదుసార్లు గెలిచాం. ఆ రోజుల్లో మన జట్టు ఎలా గెలిచింది? మణిపూర్ వల్ల గెలిచింది, ఒడిశా వల్ల గెలిచింది. ఓయినం బెంబెం దేవి, ఙాంగోమ్ బాలాదేవి, డాంగ్‌మెయి గ్రేస్, ఒడిశా నుంచి సస్మితా మల్లిక్. మణిపూర్‌లో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడటం వింత కాదు. ఆ ఒక్క రాష్ట్రం పుణ్యాన దేశం బతికింది. బెంబెం దేవికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే 2020లో బాలాదేవి స్కాట్లాండ్‌లో రేంజర్స్ క్లబ్బుకు ఆడటానికి వెళ్ళింది. 2024లో పాకిస్తాన్ మీద ఆడుతూ అంతర్జాతీయ మ్యాచ్‌లలో 50వ గోల్ పూర్తి చేసింది. వీళ్ళంతా వ్యవస్థ లేకుండా ఎదిగిన చెట్లు. 2009లో మన మహిళల జట్టు ఆడకపోవడం వల్ల ఫిఫా ర్యాంకుల జాబితాలోంచి పేరే తీసేశారన్న సంగతి మీలో ఎందరికి తెలుసు? ఓడి పోలేదు, ఆడక పోయింది. మహిళల కోసం జాతీయ లీగ్ మొదలైంది ఎప్పుడు? 2017 జనవరిలో, ఆరు జట్లతో, కొద్ది వారాల్లో ముగిసిపోయేలా. ఆ మిగతా పదకొండు నెలలు అమ్మాయిలు ఏం చేయాలి? ఆ ప్రశ్న అప్పట్లో ఎవరూ అడగలేదు. మనం కప్పులు గెలుస్తున్నాం కదా! గెలుస్తున్నవాడిని ఎవరు ప్రశ్నిస్తారు?

ఆ తర్వాత ఆ లీగ్ పెరిగింది. 2024-25లో సొంత మైదానంలో ఒకటి, అవతలి మైదానంలో ఒకటి చొప్పున నెలల తరబడి మ్యాచ్‌లు జరిగాయి. దాని ఫలితం కూడా వెంటనే కనపడింది. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ ఆ లీగ్ గెలిచింది. ఆ జట్టులో మన తెలుగు నేల పిల్ల ఉంది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2022లో క్రొయేషియాకు వెళ్ళి డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. ఆ ఏడాది శాఫ్ టోర్నీలో మాల్దీవుల మీద 9-0తో గెలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ ఆమెది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా జాతీయ సమాఖ్య ఆమెనే ఎంచింది. ముందు వరుస అమ్మాయిలూ, ఆమె పేరు మీకు తెలుసా? ఇద్దరికి తెలుసు. మిగతావాళ్ళకు తెలియకపోవడం మీ తప్పు కాదు, చెప్పని మాది.

ఒకప్పుడు ఈ దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది మన హైదరాబాద్. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాదీ. ఆయన కూడా మొదట బడిపంతులే. ఆ గొప్పలు మనం చాలాసార్లు చెప్పుకుంటాం. ఆ గొప్పల్లో ఆడపిల్లలకు వాటా ఎప్పుడు ఇచ్చాం?

చివరగా 2025 జూలై గురించి చెప్పి ఆపుతాను. ఆసియా కప్ అర్హత పోటీలు. జూలై 2న యాంగోన్‌లో బంగ్లాదేశ్, మయన్మార్. ర్యాంకులో బంగ్లాదేశ్ 128, మయన్మార్ 55. రితుపర్ణ రెండు గోల్స్ కొట్టింది, 2-1. కాఠ్‌మాండూ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టిన అమ్మాయే. మూడు రోజుల తర్వాత, జూలై 5న చియాంగ్ మాయిలో మనం, థాయ్‌లాండ్. వాళ్ళ ర్యాంకు 46, మనది 70. వాళ్ళ మైదానం. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్, 2-1. కాఠ్‌మాండూ సెమీస్‌లో గోల్ కొట్టి కూడా ఓడి వచ్చిన అమ్మాయే! అర్హత పోటీలు ఆడి ఆసియా కప్‌కు చేరడం మన మహిళలకు అదే మొదటిసారి. దక్షిణాసియా నుంచి ఒకేసారి రెండు జట్లు, ఆస్ట్రేలియాలో ఆసియా కప్‌కు.

ఈ అర్హత పోటీలకు ముందు మన జట్టుకు బెంగళూరులో వారాల తరబడి శిబిరం పెట్టారు. దానికి ముందు నెలల తరబడి లీగ్ ఆడి వచ్చారు. మంత్రం ఏమీ లేదు. అటు చూడండి, బంగ్లాదేశ్ జట్టులో జనవరిలో పద్ధెనిమిది మంది సీనియర్లు కోచ్ మీద తిరగబడ్డారు. జూలైలో సబీనా లేదు, సంజీదా లేదు. అయినా గెలిచారు. ఎందుకు? కింద మెట్టు మీద మరో వరుస తయారుగా ఉంది. బడి దగ్గర మొదలైన వరుస.

అందుకే నేను ఈ రోజు మీ దగ్గరికి వచ్చాను. జాతీయ సమాఖ్యకు చెప్పాల్సింది వాళ్ళకు చెబుతాం. కానీ కల్‌సిందూర్ పంతులు ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగలేదు. ఆయన చేతిలో ఉన్నవి రెండే. పిల్లలు, ప్రతి ఏడూ జరుగుతుందని నమ్మకమున్న ఒక పోటీ. మన చేతిలో మొదటిది ఉంది. రెండోది లేదు. మన దగ్గర ఆడపిల్లల పోటీ ఎప్పుడు జరుగుతుందో వారం ముందు తెలుస్తుంది. ఒక్కోసారి ముందు రోజు తెలుస్తుంది. ఒక్కోసారి జరిగిపోయాక తెలుస్తుంది. అలాంటప్పుడు ఏ తల్లి పిల్లను పంపుతుంది, పరీక్షలు చూసుకోదా? తేదీ ముందే చెబితే తల్లి కూడా ఆలోచిస్తుంది. అమ్మా, మీరు తల ఊపుతున్నారు. అవును కదా?

ఆ గోడ మీద పన్నెండు నెలల చార్టు ఒకటి అంటించాం. పరీక్షల రోజులు, పండుగ సెలవులు ముందే కొట్టేసి ఉన్నాయి. భోజనానికి వెళ్ళే ముందు ప్రతి బడి పంతులూ పక్క బడి పంతులుతో మాట్లాడుకుని నెలకు ఒక మ్యాచ్ చొప్పున తేదీలు రాయండి. పెద్ద మైదానం లేకపోతే ఏడుగురేసి ఆడించండి. బూట్లు చాలకపోతే రెండు బడులూ పంచుకోండి. అమ్మాయిలూ, మీ బడి పేరు ఎదుట తేదీ లేకపోతే మీ సార్‌ను మీరే అడగండి. పెన్నులు అక్కడే బల్ల మీద పెట్టాం. ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందు ఆ చివర కూర్చున్న అమ్మాయి, లేచి అడగమ్మా.